బొటనవేలు లేని ముడి

పోయిన వారం మనం డెల్ఫీనాను వంటింటి గడప మీద నిలబెట్టి వచ్చాం. ఆమె భర్త ఒరెస్తె వరదలో కొట్టుకుపోయి పదేళ్లు దాటింది. శవం దొరకలేదు. అతను చనిపోయినట్టు ప్రకటించమని ఆమె పట్నం కోర్టులో అర్జీ పెట్టుకుంది. ఒరెస్తె గురించి ఏ చిన్న కబురు తెలిసినా వచ్చి చెప్పండని కోర్టువాళ్లు ఊరూరా తెలియజేశారు. ఆ గడువు ఈ శుక్రవారంతో సరి. అప్పటిదాకా ఎవరూ నోరు విప్పకపోతే ఇల్లూ, కొండా, కొండ మీది ద్రాక్ష తోటా డెల్ఫీనావి అవుతాయి.

నోరు విప్పడానికి ఎవరున్నారు గనక? ఆ రోజు ఇటలీ కొండల కింద పారే బోర్మిదా నది ఒడ్డున ఉన్నది మొగుడూ పెళ్లామూ ఇద్దరే. ఒరెస్తె వరదనీళ్లలో ఒక కొమ్మ పట్టుకుని వేలాడుతూ ఆమెను పేరు పెట్టి పిలిచాడు. ఆమె చేతిలో తాడు ఉంది. ఆ తాడు ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఈ సంగతి మనకు తెలుసు, డెల్ఫీనాకు తెలుసు. ఊళ్లో ఎవరికీ తెలియదు. చూపు పోయిన మామగారు మెల్కియోరెకు అసలే తెలియదు. ఆయన ఇప్పటికీ కొడుకు వస్తాడనే అంటాడు, కోడలి అర్జీ మీద వేలిముద్ర వెయ్యనని భీష్మించుకు కూర్చున్నాడు. అయినా ఆమె వడ్డిస్తేనే తింటాడు, ఆమె చెయ్యి పట్టుకునే చర్చికి వెళ్తాడు.

ఇక శనివారం నాడు వీపున సంచీతో పొగమంచులోంచి నడిచివచ్చిన ఆ లిథువేనియా పిల్ల రూతా సంగతి. ఆమె దగ్గరినుంచే ఈ వారం కథ.

డెల్ఫీనా తోటలో మందులు కొట్టరు. మందు కొట్టని తోటకు చేతులు ఎక్కువ కావాలి, కూలికి వచ్చేవాళ్లు కొండల్లో మిగల్లేదు. అందుకని చుట్టుపక్కల ఇలాంటి పొలాలవాళ్లందరిలాగే ఆమె కూడా సంచీ తగిలించుకుని దేశం తిరిగే కుర్రకారును రానిస్తుంది. పూట పని, కడుపునిండా తిండి, పడుకోవడానికి పక్క. డబ్బు మాట ఉండదు. ఎక్కడినుంచి బయల్దేరావు, ఎందుకు బయల్దేరావు అని గుచ్చిగుచ్చి అడగడం ఈ పొలాల్లో మర్యాద కాదు. పేరు ఏం చెబితే అదే పేరు. ఈ మర్యాద డెల్ఫీనాకు మొదటినుంచీ నచ్చింది, ఎందుకంటే ఆమెను కూడా ఎవరూ ఏమీ అడగరు.

ఆ మంగళవారం పొద్దున పొగమంచు చేతికి తగిలేంత దట్టంగా ఉంది. తీగలు కత్తిరించడం సగం పైగా అయింది. ఇప్పుడు ఉంచిన తీగను వంచి తంతికి కట్టాలి. ప్లాస్టిక్ దారం వాడరు. నీళ్లతొట్టిలో నానబెట్టిన విల్లో చెట్టు సన్నటి బరికెలతోనే కడతారు. ఆ బరికెల కట్టను నడుముకు చుట్టుకుని రూతా వరస మొదట్లో నిలబడింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. పొడుగ్గా, మాట తక్కువగా, ఎవరినైనా చూస్తే కాసేపు చూపు తిప్పుకోని పిల్ల.

"ద్రాక్ష పని ఎప్పుడైనా చేశావా?" అంది డెల్ఫీనా.

"లేదు సిన్యోరా. సిసిలీలో నారింజలు కోశాను. దక్షిణాన బసిలికాతాలో గొర్రెలు, టమాటాలు. ద్రాక్ష ఇదే మొదలు."

"అయితే చూడు. బరికెను తీగకీ తంతికీ కలిపి ఒక చుట్టు చుట్టు. రెండు కొసలూ మెలిపెట్టు. బొటనవేలితో నొక్కిపట్టి పైనుంచి కిందికి దోపెయ్యి. అంతే."

రూతా రెండుసార్లు చేసి చూపించింది. కొత్తచేతులకు ఎలా వస్తుందో అలాగే వచ్చింది, వదులుగా, వంకరగా.

పక్క వరసలో దువార్తె పకపకా నవ్వాడు. పోర్చుగల్ కుర్రాడు. బూటు ఆకారపు ఇటలీని మడమ దగ్గరినుంచి ఇక్కడిదాకా పొలం పొలం తింటూ ఎక్కుకొచ్చాడని మెల్కియోరె వేళాకోళం చేస్తుంటాడు. "నా మొదటి రోజు ముడి చూసి తాతగారు ఏమన్నారో తెలుసా? 'ఇది కట్టావా, కక్కావా?' అన్నారు. నువ్వు నయం."

"నువ్వు కబుర్లు తగ్గిస్తే నీ ముడి కూడా నయమవుతుంది," అంది డెల్ఫీనా. కత్తెర తీసుకుని పై వరసలకు వెళ్లిపోయింది.

పని చేస్తుంటే కింద దువార్తె పాట వినిపించింది. కాసేపటికి అదీ ఆగింది. మధ్యాహ్నం భోజనానికి సెనగల పులుసు పొయ్యి మీద పెట్టి వచ్చింది గనక, దాన్ని చూడాలని డెల్ఫీనా కిందికి దిగింది. దిగుతూ దిగుతూ అలవాటుగా రూతా కట్టిన వరస మీద ఓ చూపు వేసింది.

మొదటి మొక్కల దగ్గర ముడులు నేర్పినట్టే ఉన్నాయి. వరస సగానికి వచ్చేసరికి చలికి వేళ్లు కొంకర్లు పోయి ఉంటాయి, పిల్ల చూసుకోకుండా చేతికి వచ్చినట్టు కట్టుకుంటూ పోయింది. అక్కడినుంచి ముడి మారిపోయింది. గట్టిగా, పొట్టిగా, చూడముచ్చటగా. కొస పైనుంచి కిందికి దిగలేదు. కిందినుంచి పైకి వచ్చింది.

డెల్ఫీనా కత్తెర చేతిలోంచి జారి మట్టిలో పడింది.

ఆ ముడి ఆమెకు తెలుసు. ఒరెస్తెకు ఎడమచేతి బొటనవేలు లేదు. చిన్నప్పుడే తండ్రి కర్రలు కోస్తుంటే రంపం కింద పోయింది. నొక్కిపట్టడానికి వేలు లేదు గనక బరికె ఒక కొసను పళ్లతో పట్టుకునేవాడు, మిగతా వేళ్లతో మెలిపెట్టి కిందినుంచి పైకి దోపేవాడు. కొండ మీద ఇంకెవరూ అలా కట్టరు. కట్టాల్సిన అవసరం లేదు. రెండు బొటనవేళ్లూ ఉన్న మనిషి అలా కట్టడమంటే చేతులారా పని పెంచుకోవడమే. ఆ పిల్లకు వేళ్లన్నీ ఉన్నాయి. పొద్దున్నే కదా డెల్ఫీనా ఆ చేతులు చూసింది!

వంగి చూసింది. బరికె బెరడు మీద పంటిగాట్లు ఉన్నాయి.

ఎవరో చూపించకుండా ఇది రాదు. చూపించే మనిషి ఒక్కడే. ఆ మనిషి బోర్మిదాలో కొట్టుకుపోయాడు, తను కళ్లారా చూసింది. లేదు, కొమ్మ విరగడం చూసింది. తల ఒకసారి పైకి రావడం చూసింది. చావడం చూడలేదు. ఇన్నేళ్లూ ఆ రెంటికీ తేడా ఉందని ఆమె అనుకోలేదు.

మెల్కియోరె వస్తాడు! రోజూ భోజనానికి ముందు ముసలాయన తంతి పట్టుకుని వరస వెంట నడుస్తాడు, ముడి ముడినీ తడిమి ఎవరు ఎలా కట్టారో చెబుతాడు. కళ్లు పోయాక ఆయనకు ఈ తోటలో మిగిలిన పెత్తనం అదొక్కటే. ఆమె కత్తెర తీసుకుని గబగబా ఆ ముడులు తెంచడం మొదలుపెట్టింది. తెంచిన బరికెలు కోటు జేబుల్లో కుక్కుకుంది. ఒకటి తెంచి మళ్లీ మామూలుగా కట్టేసరికి ఇంకా ఎన్నో ఉన్నాయి. తొందరలో తన ముడే తనకు కుదరడం లేదు.

"ఎవరది? ఏం తెంచుతున్నారు?"

చేతికర్ర చప్పుడు ఆమెకు వినిపించనే లేదు. ముసలాయన మంచులోంచి బయటికి వచ్చి అప్పుడే రెండు మొక్కల అవతల ఉన్నాడు.

"నేనే మామయ్యా. కొత్తపిల్ల ముడులు వదులుగా ఉన్నాయి, మళ్లీ కడుతున్నాను. చలిగా ఉంది, మీరు లోపలికి పదండి. పులుసు అడుగంటుతుంది."

"పులుసు మాడితే నాకు వాసన వస్తుంది, నీకంటే ముందే. జరుగు, చూడనీ."

"చూసేందుకేం లేదు..."

"చూపు లేనివాణ్ని, నాకు చూసేందుకు ఏమీ ఉండదనా నీ ఉద్దేశం?" అని నవ్వుతూ తంతి మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి జరిగి జరిగి ఇంకా తెంచని మొదటి ముడి దగ్గర ఆగింది. వేళ్లు చుట్టూ తిరిగాయి. కొస వెతికాయి, కింద కాక పైన దొరికింది. గోటితో బెరడు గీరి పంటిగాటు పట్టుకున్నాడు. నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. నోరు మాత్రం కాస్త తెరుచుకుంది.

"ఇది ఎవరు కట్టారు?"

"నేనే కట్టాను," అంది డెల్ఫీనా.

"నువ్వా? నీ బొటనవేళ్లు రెండూ నీకు ఉన్నాయి కదే!"

"సరదాగా... ఆయన కట్టినట్టు కట్టి చూద్దామని."

"సరదాగా పళ్లతో కొరికావా?" ఆయన పక్క ముడికి వెళ్లాడు. ఆ పక్కదానికి. తంతి పట్టుకుని దాదాపు పరుగెత్తాడు. "ఇదీ అదే. ఇదీ అదే. నా చేతి కింద పోయింది వాడి వేలు, వాడు ముడి ఎలా వేస్తాడో నాకు నువ్వు చెప్పాలా? ఏడుస్తూ ఏడుస్తూ పళ్లతో పట్టుకుని నేర్చుకున్నాడు నా పక్కన నిలబడి. వచ్చాడు. అమ్మాయ్, వాడు వచ్చాడు!"

"మామయ్యా, ఎవరూ రాలేదు. నేను పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నాను."

"మంచులో వచ్చి కట్టి దాక్కున్నాడు. నీకు మొహం చూపించలేక. నీ మీద చెయ్యి చేసుకునేవాడని నాకు తెలియదనుకున్నావా? తెలిసీ నోరెత్తలేదు, ఆ పాపం నాది. కానీ వాడు బతికున్నాడు. ఇంటి పని వాడి చేతులు మర్చిపోలేదు." గుడ్డికళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు. "కోర్టువాళ్లు వాణ్ని చంపేయబోతున్నారు. ఇవాళే వెళ్లాలి. ఒరేయ్ దువార్తె! వ్యాన్ తియ్యరా!"

"భోంచేసి వెళ్దురు..."

"నా కొడుకు బతికి ఉంటే నాకు తిండెందుకు?" కర్ర తాటించుకుంటూ ఇంటివైపు వెళ్లిపోయాడు. ఆ వయసులో ఆయన అంత వేగంగా నడవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

ఆ అమ్మాయి కట్టింది అని ఒక్క మాట అంటే ఆయన ఆగేవాడే. ఆగి, ఆ అమ్మాయిని పిలిచి, నీకెవరు నేర్పారమ్మా అని అడిగేవాడు. ఆ జవాబు ముందుగా తను వినాలి. డెల్ఫీనా అక్కడినుంచి కొట్టం వైపు పరుగుతీసింది.

రూతా తొట్టి ముందు గొంతుక్కూర్చుని మధ్యాహ్నానికి బరికెలు ఏరుతోంది. సన్నవి ఒకవైపు, లావువి ఒకవైపు. చేతులు మోచేతుల దాకా ఎర్రబడ్డాయి. తలుపు మూసిన చప్పుడుకు తలెత్తింది. డెల్ఫీనా జేబులోంచి తెంచిన ముడులు తీసి ఆమె ముందు నేల మీద పోసింది.

"ఎవరు నేర్పారు?"

రూతా వాటిని చూసింది. తన చేతులు చూసుకుంది. "అయ్యో," అంది మెల్లగా. "మీరు చూపించినట్టే కడదామనుకున్నాను. చలికి వేళ్లు మొద్దుబారాక చెయ్యి దాని దారిన అది పోయింది."

"అడిగింది చెప్పు."

"బసిలికాతాలో ఒకాయన. రీనో అనేవాళ్లం. మేము వెళ్లేసరికే ఆ పొలంలో ఉన్నాడు. అంతకు ముందు ఇంకో పొలం, దానికి ముందు ఇంకోటి. మాలాగే సంచీ తగిలించుకుని తిండికి పని చేసుకుంటూ తిరిగేవాడు, వయసొక్కటే తేడా. టమాటాలకు ఊతకర్రలు కట్టేటప్పుడు నాకు నేర్పాడు. ఆయనకు ఈ చేతికి బొటనవేలు లేదు."

ఎడమచెయ్యి ఎత్తి చూపించింది.

డెల్ఫీనా గోడకు ఆనుకుంది. పేరు అడగరు, ఊరు అడగరు, కాగితాలు అడగరు. తను ఎవరినీ ఏమీ అడగకుండా పక్క వేసి అన్నం పెట్టినట్టే, ఎక్కడో ఇంకో ఆడది ఒరెస్తెకు పక్క వేసి అన్నం పెట్టింది. ఏళ్లకేళ్లు, పొలం తర్వాత పొలం. మనిషి దాక్కోవడానికి అంతకన్నా మంచిచోటు దేశం మొత్తంలో లేదు.

"నిన్ను పంపించాడా?"

"ఒక రకంగా."

"ఒక రకంగా అంటే? కోర్టు గడువు సంగతి తెలిసి పంపాడా? ఎక్కడున్నాడు, బస్సు దగ్గరా? ఊళ్లోనా? ఏం కావాలట?" గొంతు పెరుగుతోందని ఆమెకు తెలుస్తూనే ఉంది, ఆపుకోలేకపోయింది. ఇన్నేళ్లూ ఒక్కరితో అనని మాటలు పళ్ల వెనకే కాచుకుని ఉన్నాయి కాబోలు. "చెప్పే ఉంటాడు నీకు, అంతా చెప్పే ఉంటాడు. అవును, తాడు నా చేతిలోనే ఉంది. విసరలేదు. పిలుస్తూనే ఉన్నాడు, నేను విసరలేదు. ఆ ముందు వారం వాడు నా మెడ కింద ఎముక విరగ్గొట్టాడు, అది చెప్పాడా? ఆ వైపు చేత్తోనే తాడు పట్టుకుని నిలబడ్డానని చెప్పాడా?"

తొట్టిలో బరికెలు కదలడం ఆగింది.

"తాడా?" అంది రూతా.

డెల్ఫీనా ఆ పిల్ల ముఖం చూసింది. చూసి, ఏం చేసిందో అప్పుడు అర్థమై నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆయన తాడు మాట ఎప్పుడూ అనలేదు సిన్యోరా," అంది రూతా. ఒక్కో మాటా ఏరుకుంటూ మాట్లాడింది. "మా ఆవిడ ఒడ్డుకు వచ్చేసరికే నేను కొట్టుకుపోయాను అనేవాడు. పాపం ఎంత ఏడ్చి ఉంటుందో అనేవాడు. నేను ఆమెకు చేసినదానికి నది నన్ను తీసుకుపోవడమే సరి, తిరిగి వెళ్తే ఆమెకు మళ్లీ నరకమే, అందుకే వెళ్లలేదు అనేవాడు. మీ గురించి ఒక్క చెడ్డమాట అనలేదు. మంచిది, ఓపికస్థురాలు, అంతే. నేను వచ్చింది ఆయన చెప్పిన ఆ మంచి మనిషిని, మిమ్మల్ని చూద్దామని."

తాడు చూసి కూడా చెప్పకుండా దాచాడా? నీళ్లలోంచి అది కనిపించనే లేదా? డెల్ఫీనాకు ఎన్నటికీ తెలియదు. తెలిసేలా ఉంటే అడిగేది.

"ఇప్పుడెక్కడున్నాడు?"

"పోయాడు. క్రిస్మస్ ముందు. ఛాతీలో జబ్బు, డాక్టరు దగ్గరికి రానన్నాడు. పేరు అడుగుతారని. పోయే రోజున అసలు పేరు చెప్పాడు, ఈ కొండ పేరు చెప్పాడు. తండ్రి ఉన్నాడు, ఇంకా బతికుంటే తను పోయిన సంగతి ఆయనకు చెప్పమన్నాడు. నేను వచ్చిన రోజే చెప్పేదాన్ని. తాతగారు నా చెయ్యి పట్టుకుని, మావాడికి ఈ వేలు లేదు అంటూ నా బొటనవేలు నిమిరారు. ఇక నోరు రాలేదు."

పోయాడు. ఆ మాట కోసం డెల్ఫీనా కోర్టు చుట్టూ తిరిగింది. వచ్చాక దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. ముందు ఊపిరి వచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండిపోయింది. హంతకురాలిలా ప్రతి వరదకాలం కిటికీ తలుపులు బిగించుకుని కూర్చుంది తను. ఇన్నేళ్లూ ఆయనగారు ఎండలో టమాటాలు కట్టుకుంటూ, పరాయి పిల్లలకు ఓపిగ్గా ముడులు నేర్పుతూ మంచివాడైపోయాడు! ఆ ఓపికలో కాస్తయినా ఈ ఇంట్లో చూపించాడా? మంచివాడు కావడానికి ఆమెను ఇక్కడ వదిలేసి పోవలసి వచ్చిందా?

బయట వ్యాన్ ఇంజను దగ్గింది, ఆగింది, మళ్లీ దగ్గింది.

"అది ఎక్కడికి?" అంది రూతా.

"మామయ్య నీ ముడి చూశాడు. కొడుకు బతికి వచ్చాడనుకుంటున్నాడు. కోర్టుకు చెప్పడానికి పోతున్నాడు."

రూతా లేచి నిలబడింది. "మీరు ఆపలేదా?"

"ఆపితే నిన్ను అడుగుతాడు." డెల్ఫీనా ఒక అడుగు ముందుకు వేసింది. ఇప్పుడు ఆమె గొంతు అరుపు కాదు, దాదాపు గుసగుస. "విను పిల్లా. నువ్వు చెప్పే ఒక్క మాటతో అంతా తీరిపోతుంది. పోయాడు, నేను చూశాను, పాతిపెట్టాం అని చెప్పు. ముసలాయన ఏడుస్తాడు, నేను చూసుకుంటాను. కోర్టుకూ అదే చెప్పు. ఈ ఇల్లు నిలుస్తుంది. ఆయన కూడా ఈ ఇంట్లోనే ఉంటాడు, నా చేతి తిండే తింటాడు. నాకు ఆయన తప్ప ఎవరున్నారు? ఆ రెండో మాట మాత్రం..."

"నన్ను అబద్ధం చెప్పమంటున్నారా?"

"సగం చెప్పమంటున్నాను."

రూతా తడి చేతులు రెండూ కోటుకు తుడుచుకుంది. మోకాళ్ల దగ్గరి మట్టి దులుపుకుంది. తనతో మాట్లాడుతుందేమోనని డెల్ఫీనా చూస్తూనే ఉంది. పిల్ల మాత్రం చూపు పక్కకు తిప్పుకుంది, వచ్చిన దగ్గరినుంచీ మొదటిసారి. తలుపు తీసుకుని బయటికి నడిచింది.

వాకిట్లో మెల్కియోరె ఆదివారం కోటు తొడుక్కుని నిలబడి ఉన్నాడు. ఒక గుండీ కాజాలో ఇంకో గుండీ పెట్టుకున్నాడు. టోపీ కూడా కొత్తది. దువార్తె వ్యాన్ అద్దం మీద మంచు తుడుస్తూ, ఏం జరుగుతోందో తెలియక నవ్వాలా వద్దా అన్నట్టు ఉన్నాడు.

"డెల్ఫీనా వచ్చావా? ఈ గుండీలు సరిచెయ్యమ్మా. జడ్జిగారి ముందుకు ఇలా వెళ్తే పిచ్చివాడనుకుంటారు."

ఆమె దగ్గరికి వెళ్లి గుండీలు విప్పి సరిగ్గా పెట్టింది. ఆయన ఒంట్లోంచి జ్వరం వచ్చినట్టు వేడి తగులుతోంది. గడ్డం గీసుకునే ఓపిక లేక అలాగే వచ్చేశాడు. ఇప్పుడు చెప్పాలి, పెదవి దాకా వచ్చింది. మామయ్యా, ఒరెస్తె లేడు. చెప్తే, నీకెలా తెలుసు అంటాడు. ఈ పిల్ల చెప్పింది అనాలి. పిల్ల వైపు తిరుగుతాడు. అటు తిరిగాక ఆయన చెవిన పడేది తన చేతిలో లేదు.

"నేనూ వస్తాను మామయ్యా."

"వద్దొద్దు. నువ్వు ఇంట్లో ఉండు. వాడు వస్తే ఇంట్లో ఎవరూ లేకపోతే ఎలా? తలుపు మూసి ఉంటే మళ్లీ వెనక్కి పోతాడు. దిక్కుమాలిన మొండితనం వాడిది, నా పోలికే."

"తాతగారూ, నేను రానా మీతో?" అంది రూతా.

డెల్ఫీనా చెయ్యి ఆఖరి గుండీ మీద ఆగిపోయింది.

"నువ్వెందుకమ్మా?"

"మిమ్మల్ని మెట్లు ఎక్కించడానికి ఎవరైనా ఉండాలి కదా. దువార్తె బండి దగ్గర ఉండాలి." రూతా ముసలాయన మోచెయ్యి పట్టుకుంది. "దారిలో మీకు ఒక సంగతి కూడా చెప్పాలి."

"చెప్పు తల్లీ, చెప్పు. ఇవాళ ఎవరు ఏం చెప్పినా వింటాను."

ముందు సీట్లో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. మధ్యలో ముసలాయన, కిటికీ పక్కన రూతా. డెల్ఫీనా కిటికీ దగ్గరికి వచ్చి అద్దం మీద వేళ్లు పెట్టింది. రూతా అద్దం దించలేదు. మెల్కియోరెయే ఆమె మీదుగా చెయ్యి చాపి తడుముకుని దించాడు.

"అమ్మాయ్, వాడి పక్క వేసి ఉంచు. దుప్పట్లు పైగదిలో పెట్టెలో ఉన్నాయి, నేనే పెట్టించాను. చలిలో తడిసి ఉంటాడు. కాస్త కోపం తగ్గించుకుని పలకరించమ్మా, నా కోసం."

"అలాగే మామయ్యా," అంది డెల్ఫీనా.

వ్యాన్ కదిలింది. వాకిలి దాటగానే పొగమంచు మింగేసింది, వెనక దీపాలు కాసేపు ఎర్రగా కనిపించి అవీ పోయాయి. చప్పుడు మాత్రం కొండ దిగుతూ వినిపిస్తూనే ఉంది. మొదటి మలుపు, రెండో మలుపు, చర్చి పక్కన గోడ దగ్గర గేరు మార్చడం, తర్వాత నది వైపు దిగే పొడుగు వాలు. డెల్ఫీనా వాకిట్లోంచి కదలకుండా చెవులు రిక్కించి వింది. చక్రాల కింద బోర్మిదా వంతెన చెక్కలు గడగడమన్నాయి.

వంతెన నడిమధ్యన ఇంజను ఆగిపోయింది.

చెడిపోయిందనుకుంది. మళ్లీ దగ్గుతుందని ఎదురుచూసింది. దగ్గలేదు. తలుపు తెరిచిన చప్పుడు మంచులోంచి పలచగా వచ్చింది. తర్వాత దువార్తె గొంతు, "తాతగారూ! ఆగండి! తాతగారూ!" అంటూ అరుపు, ఆ వెంటనే రూతా అరుపు.

డెల్ఫీనా పరుగెత్తింది.